కిటికీ కింద మట్టి

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికంటే ముఖ్యమైన మనిషి బరువు తూచే మిషను. శనివారం పొద్దున్నే నాన్న దాన్ని మంచం కింద నుంచి లాగి, గచ్చు మీద పెట్టి, మట్టంగా ఉందో లేదో రసమట్టంతో చూసుకుని, అప్పుడు అమ్మని రెండు చేతులా పట్టుకుని దాని మీద నిలబెట్టేవాడు. నలభై ఐదు దాటాలి. దాటితే ఆస్పత్రిలో తర్వాతి విడత మందు ఎక్కిస్తారు. దాటకపోతే ఒళ్ళు తట్టుకోదు కాబట్టి ఎక్కించరు. డాక్టరమ్మ ఈ రెండు ముక్కలూ చెప్పి, "తినిపించండి. మీ చేతిలో ఉన్నది అదొక్కటే" అంది. బడికి సెలవులిచ్చిన నాటికి అమ్మ బరువు నలభై రెండు.

చేతిలో ఉన్నది అనే మాట మా నాన్నతో అనకూడదు. ఆయన తాపీమేస్త్రీ, ముప్పై ఏళ్ళుగా చేతుల్ని నమ్ముకున్న మనిషి. ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు మా గుమ్మం చుట్టూ తిరిగే రోజుల్లో అందరికీ లేదు పొమ్మని చెప్పేసి ఇంటిపట్టున కూర్చున్నాడు. నేను బడిలో సైన్సు గదిలో పనిచేస్తాను. సీసాలు కడగడం, బీరువాలు సర్దడం, పిల్లలు పగలగొట్టినవి ఏరడం నా ఉద్యోగం. సెలవులు గనక నేనూ ఇంట్లోనే ఉన్నాను. ఇద్దరం పూటకొకటి వండి అమ్మ ముందు పెట్టేవాళ్ళం. ఎవరైనా చూస్తుంటే తనకి ముద్ద దిగదనేది. "అక్కడ పెట్టి వెళ్ళండి, మెల్లగా తింటాను." వెళ్ళేవాళ్ళం. అరగంట పోయాక వస్తే పళ్ళెం ఖాళీగా ఉండేది. శనివారం వచ్చేసరికి మాత్రం ముల్లు ఇంకొంచెం వెనక్కి జరిగేది.

ఒకరోజు నాన్న మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇంతకీ నీకేం తినబుద్ధవుతోంది? నోరు తెరిచి చెప్పు. ఎక్కడున్నా తెస్తాను."

అమ్మ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. అక్కడ కొళాయీ, పగుళ్ళిచ్చిన నేలా తప్ప ఏమీ లేవు. "మన పెరట్లో కాసిన వంకాయ అయితే తింటానేమోనండీ. కొన్నవి వద్దు. మందు వాసన వేస్తాయి."

"వంకాయ ఎందుకమ్మా, రెండు నెలల పైన పడుతుంది. ఆకుకూర చల్లితే ఇరవై రోజుల్లో వస్తుంది" అన్నాను నేను.

"వంకాయే" అంది అమ్మ. అని గోడవైపు తిరిగి పడుకుంది.

నాన్న అప్పటికే లేచి గునపం వెతుక్కుంటున్నాడు.

మా పెరడు నాలుగు మంచాలు పట్టేంత ఉంటుంది. మట్టి వట్టి జిగట. వాన పడితే చెప్పు ఊడిరాదు, ఎండితే పగుళ్ళలో అరచెయ్యి దూరుతుంది. నాన్న పిడికెడు తీసి నలిపి చూసి, "ఇసుక తక్కువైంది, అంతే" అన్నాడు. ప్రపంచంలో ఏ లోపమైనా మా నాన్నకి ఇసుక పాళ్ళలోనే కనపడుతుంది. ఆ మట్టినంతా తవ్విపోసి, గోడకి పూసే ఇసుకని ఎలా జల్లిస్తాడో అలాగే జల్లించాడు. జల్లెడలో మిగిలిన వేర్లు, కుళ్ళిన ఆకులు, వానపాములు అన్నీ చెత్త కింద లెక్కేసి గోడవతల పారేశాడు. మూడు తట్టల మట్టికి ఒక తట్ట ఇసుక. పురుగు పట్టకుండా పైన సున్నం. అంతా కలిపి, నీళ్ళు చిలకరించి, చెక్కతో చరిచి, రసమట్టం పెట్టి చూసుకున్నాడు. నా జన్మలో అంత చక్కటి మడి చూడలేదు. నాలుగు అంచులూ గీత గీసినట్టున్నాయి.

"మూలమట్టం సరిగ్గా వచ్చిందా?" అని కిటికీలోంచి అమ్మ అడిగింది. ఆ రోజు కాస్త ఓపికగా ఉంది.

"ఎందుకు రాదూ" అన్నాడు నాన్న, వేళాకోళం పట్టించుకోకుండా. ఆ సాయంత్రమే నారు తెచ్చి నాటాడు. కొత్త శ్లాబుకి కట్టినట్టు పొద్దునా సాయంత్రం నీళ్ళు కట్టాడు. ఆ నీళ్ళు లోపలికి ఇంకకుండా పైనే నిలబడేవి. నాన్నకి అది నచ్చింది. ఎక్కడా కారడం లేదన్నాడు.

మూడు వారాలకి మొక్కలు పసుపు రంగుకి తిరిగి, వంగిపోయి, ఒక్కొక్కటే వాలిపోయాయి. తూకం మిషను నలభై చూపించింది.

నారు అమ్మే ఆవిడ బండి తోసుకుంటూ మా వీధికి వస్తుంది. అందరూ నారుపిన్ని అంటారు. నోరు పెద్దది, మనసు మంచిది. నాన్న ఆవిణ్ణి పెరట్లోకి పిలిచి, నారు దొంగనారు ఇచ్చావని తగువు పెట్టుకున్నాడు. ఆవిడ కూర్చుని మడిలో వేలు గుచ్చింది. దిగలేదు. పుల్ల తీసుకుని గుచ్చింది. పుల్ల విరిగింది.

"ఇదేంటి మేస్త్రీగారూ, మొక్కలకి గచ్చు చేయించారా?"

"జిగట మట్టి కదా. గుల్లబారుతుందని ఇసుక కలిపాను."

"జిగట మట్టిలో గుప్పెడు ఇసుక కలిపి, చరిచి, నీళ్ళు పెట్టి ఎండలో వదిలేస్తే ఏమవుతుందో నేను చెప్పాలా మీకు?"

నాన్న మడి వంక చూశాడు. "ఇటుక" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఆయన మొహం చూసి ఆగిపోయాను. ముప్పై ఏళ్ళ పనితనం అంతా పెట్టి, ఒక్క లోపం లేకుండా, పెరట్లో మంచమంత ఇటుక తయారుచేశాడు. అమ్మకున్న రోజుల్లో మూడు వారాలు అందులో పోయాయి.

"వానపాములు ఉండాలే ఈ మట్టిలో, ఏవీ?" అంది నారుపిన్ని.

"పారేశాను. పురుగులు కదా."

ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "మట్టికీ ఆకలుంటుంది మేస్త్రీగారూ. ఆకూ అలమూ, తొక్కలూ, మిగిలిపోయిన మెతుకులూ, కుళ్ళినదల్లా దాని తిండే. మీరు దాని కంచంలోది తీసి పారబోసి ఇసుక పెట్టారు." తర్వాత నావైపు తిరిగింది. "అమ్మాయ్, మీ బడిలో గాజు సీసాలుంటాయిగా. పెరట్లో నాలుగు చోట్ల నుంచి కాస్త కాస్త మట్టి తీసి, వేరువేరుగా సగం సీసాలో వేసి, నీళ్ళు నిండా పోసి, బాగా గిలకొట్టి కదపకుండా పెట్టు. ఇసుక అడుక్కి దిగుతుంది. ఒండ్రు దానిమీద. జిగటంతా పైన. కుళ్ళినదీ మగ్గినదీ ఉంటే తేలుతుంది. ఎక్కడ తేలితే అక్కడి మట్టి తెచ్చి మొక్కకి పెట్టుకోండి."

పొడుగు సీసాలు నాలుగు తెచ్చాను. కొళాయి దగ్గరి మట్టి, మడిలోది, వెనక గోడవారది అయ్యాయి. నాలుగోది ఎక్కడ తీద్దామా అని చూస్తుంటే, అమ్మ గది కిటికీ కింద నాన్న పని పలకలు, కర్రలు ఆనించి ఉన్న సందు కనిపించింది. ఆ వైపుకి ఎవరమూ వెళ్ళం. పిచ్చుకలు మాత్రం పొద్దస్తమానం అక్కడే గోల చేస్తుండేవి, వాటితోనే తనకి కాలక్షేపం అనేది అమ్మ. పలకల వెనక్కి చెయ్యి పోనిచ్చి దోసెడు మట్టి తీశాను. చేతికి మెత్తగా, చల్లగా తగిలింది. మిగతా మూడింటికీ గరిట అరిగేలా గీకాల్సి వచ్చింది. నాలుగూ గిలకొట్టి, సీసాల మీద సుద్దతో రాసి, వంటింటి గూట్లో పెట్టి పడుకున్నాను.

పొద్దున్న చూస్తే నారుపిన్ని చెప్పినట్టే పొరలు పొరలుగా దిగింది. మూడు సీసాల్లో పైన ఖాళీ నీళ్ళు. నాలుగోదాంట్లో వేలెడు మందాన నల్లటి పొర, దాని పైన ఏవో తేలుతున్నాయి. దీపం వేసి దగ్గరగా చూశాను. మెతుకులు. మెతుకుల మధ్య నాలుగైదు క్యారెట్ ముక్కలు. అంతకుముందు మధ్యాహ్నం నేనే చిన్నగా తరిగి, గింజంత పలుకు లేకుండా ఉడకబెట్టి అమ్మకి పెట్టినవి.

అమ్మ మేలుకునే ఉంది.

"నిన్నటి క్యారెట్ ఎలా ఉందమ్మా?"

"బాగుంది. కాస్త ఉప్పు తగ్గింది."

"కిటికీ కింద ఉంది అది."

అమ్మ దుప్పటి అంచు సర్దుకుంది. చాలాసేపు అదే సర్దుతూ ఉంది. "పిచ్చుకలు తినేస్తాయనుకున్నాను" అంది చివరికి.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి." నా చెయ్యి పట్టుకోబోయింది, నేను ఇవ్వలేదు. "ముద్ద గొంతు దాకా వెళ్ళి వెనక్కి వస్తోందే. నేనేం చెయ్యను? మీ నాన్న గుమ్మం అవతల నిలబడి పళ్ళెం చప్పుడు వింటుంటాడు. ఖాళీ పళ్ళెం చూసినప్పుడు ఆయన మొహం ఎప్పుడైనా చూశావా?"

"మరి వంకాయ?"

"అది ఆలస్యంగా కాస్తుందిగా" అంది అమ్మ.

నాకు ఆమె మీద పట్టరానంత కోపం వచ్చింది. చచ్చిపోతున్న మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు. నాలుగు నెలలుగా మేం వండిందంతా మట్టికి పెట్టింది. పోనీ అరిచి గీపెట్టి నాన్నని పిలుద్దామా అంటే, పిలిచి ఏం చెప్పాలి? ఇక తినదని చెప్పాలి. తినలేదని చెప్పాలి.

"నాన్నకి చెప్పకు" అంది. "ఆయన చేతిలో ఉన్నది అదొక్కటే."

వంటింట్లోకి వచ్చి చెంచాతో నాలుగో సీసా మీద తేలుతున్నవి తీసేశాను. ఒక్కొక్క మెతుకూ తీశాను. అలా తీసి, అమ్మ చేసిన పనిలో నేనూ చెయ్యి వేశాను.

నాన్న లేచి వచ్చి సీసాలన్నీ ఎత్తి ఎత్తి చూశాడు. నాలుగోదాని దగ్గర ఆగిపోయాడు. "ఇదెక్కడిది? ఎంత నలుపో చూడు."

"కిటికీ కింద."

"మన కిటికీ కిందా?" అని తట్ట, తాపీ పట్టుకుని వెళ్ళాడు. పలకలు పక్కకి లాగుతున్న చప్పుడు వినపడింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. నేను గిన్నె తోమినదే తోముతూ చెవులు అటే పెట్టాను. వచ్చేటప్పటికి తట్ట నిండా నల్లమట్టి ఉంది. కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, "పక్కవాళ్ళ చెట్టు ఆకులు రాలి మగ్గినట్టున్నాయి" అన్నాడు.

"అయ్యుంటుంది" అన్నాను. గుండె కుదుటపడింది.

గునపం పెట్టి ఆ మడిలో ఆరు గుంటలు పొడిచాడు. ఒక్కో గుంట పొడవడానికి పూట పట్టింది. తన పని అంత గట్టిది. ఆరింటి నిండా నల్లమట్టి పోసి కొత్త నారు పెట్టాడు. ఈసారి చరచలేదు, మట్టం చూడలేదు. కూరల తొక్కలూ, రాలిన ఆకులూ ఏరుకొచ్చి మొదళ్ళలో కప్పాడు. వీధి చివర చెత్తకుప్పలో వానపాములు వెతికి డబ్బాలో తెస్తుంటే జనం చూసి నవ్వారు. నాన్న అవేమీ పట్టించుకోలేదు. నాలుగు మొక్కలు పోయి రెండు నిలబడ్డాయి. ఆకులు ముదురాకుపచ్చకి తిరిగాయి.

అమ్మ ముప్పై తొమ్మిదికి దిగింది. ఆ తర్వాతి శనివారం చలేస్తోందని దుప్పటి కప్పుకునే మిషనెక్కింది. ముప్పై తొమ్మిదిన్నర. నాన్న మూడుసార్లు వంగి చూశాడు. వెళ్ళి గడ్డం గీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం వంగమొక్కలకి ఊతకర్రలు నిలువుగా పాతుదామని తూకం గుండు కోసం వెతికితే కనపడలేదు. గోడ నిలువు చూసుకునే ఇత్తడి గుండు అది. అరకిలో ఉంటుంది. నాకు అమ్మ దిండు కింద దొరికింది. అమ్మ కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తోంది. గుండు తీసుకెళ్ళి నాన్న పనిముట్ల సంచిలో వేశాను.

"సంచిలోనే ఉంది నాన్నా, నువ్వే చూసుకోలేదు."

"అవునా" అన్నాడు నాన్న. "కళ్ళు దొబ్బుతున్నాయి."

బడి తెరిచారు. నేను మధ్యాహ్నానికే ఇంటికొచ్చేలా అనుమతి తెచ్చుకున్నాను. వానలు పడ్డాయి. అమ్మ కూర్చోవడం మానేసింది, కిటికీ వైపుకి ఒత్తిగిలి పడుకునేది. "పిచ్చుకలు రావడం లేదేమే ఈ మధ్య" అని ఒకసారి అడిగింది. వానలకి రావేమోనన్నాను. తూకం వేయడం కూడా మానేశాం. ఎందుకు మానేశామో ఎవరమూ పైకి అనలేదు. నాన్న మాత్రం పొద్దున్నే మొక్కల దగ్గర కూర్చుని పూతా పిందే లెక్కపెట్టుకునేవాడు. ఏం కాస్తే ఏమిటని నాకు విసుగొచ్చేది. ఆ పిందెలు పెరుగుతుంటే నాకు భయమేసేది.

కాసిన మొదటి మూడు కాయల్ని నాన్నే కోశాడు. తనే ఉప్పువేసి మెత్తగా మగ్గబెట్టాడు. పళ్ళెంలో ఒక మూలగా పెట్టి తెచ్చి, అమ్మని లేపి దిండ్లు ఎత్తు పెట్టాడు. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మా ఇద్దరి ఎదురుగా, ఎంతోసేపు నమిలి మింగింది. మెడ మీద నరం లేచింది.

"బాగున్నాయండీ. మన మట్టి రుచి తెలుస్తోంది" అంది. "ఇక మీరు వెళ్ళండి. మెల్లగా తింటాను."

అరగంటకి పళ్ళెం ఖాళీ. నాన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని వంటింట్లోకి తెచ్చి, కడగకుండా గట్టు మీద పెట్టాడు.

మర్నాడు తెల్లవారుతుండగానే లేచాను. నాన్న చూడకముందే ఆ కూర మీద కాస్త మట్టి కప్పేద్దామని చిన్న పార పట్టుకుని కిటికీ కిందకి వెళ్ళాను. అక్కడ కూర లేదు. ఒక చోట, చేతి వెడల్పున, మట్టి నున్నగా చదును చేసి ఉంది. అంచున తాపీ తిప్పినప్పుడు పడే చిన్న గీత. ఆ గీతని నేను చిన్నప్పటి నుంచి వంద గోడల మీద చూశాను. దాని పక్కన అలాంటిదే ఇంకోటి, కొంచెం పాతది. దాని పక్కన ఇంకోటి. గోడ పొడుగునా, వానకి సగం కరిగినవి కూడా కలిపి, రోజుకొకటి. పిచ్చుకలు ఎందుకు మానేశాయో అర్థమైంది. గోడవతల చెట్టేదీ లేదు. ఉన్నది రేకుల గోదాము. పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాను, చెట్టు ఆకులని నాన్న అన్నప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు.

నాన్న కొళాయి దగ్గర కూర్చుని తాపీ కడుగుతున్నాడు.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"పలకలు తీసిన రోజు నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"నీకు తెలిస్తే ఏడుస్తావని." తాపీ తిప్పి రెండోవైపు కడిగాడు. "సంచి నాలుగుసార్లు బోర్లించి వెతికాను ఆ రోజు. గుండు అందులో లేదు. నువ్వు తెచ్చి వేశావని తెలిసింది. అయితే దీనికీ తెలుసు కాబోలు అనుకున్నాను. అయినా పొద్దున్నే మూసేసేవాణ్ణి. అలాగే పైకి కనపడుతుంటే, నేను చూశానేమోనని తను బెంగపెట్టుకుంటుందని."

"మరి ఈ మొక్కలు ఎందుకు నాన్నా? తినదని తెలిసి కూడా?"

"మరేం చెయ్యను?" అన్నాడు. నా వంక చూశాడు. నిజంగానే అడుగుతున్నాడు. ఆయన పక్కన తడి గచ్చు మీద కూర్చున్నాను. కాయ కాస్తే ఏమో, తన నోటితో అడిగింది కదా, అప్పటికైనా తింటుందేమో అనుకున్నాడట. వట్టిమాటేనని తెలుసు. అయినా అనుకున్నాడట. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆయన ఏడవలేదు, నేనూ ఏడవలేదు. లోపల అమ్మ దగ్గు వినపడి ఇద్దరం లేచి వెళ్ళాం.

ఆ తర్వాత పదకొండు రోజులు ముగ్గురం ఎవరి పని వాళ్ళం చేశాం. నాన్న వండేవాడు. అమ్మ కిటికీలోంచి పారేసేది. ఓపిక లేని రోజు గరిటెడు కిటికీ గట్టు మీదే ఉండిపోయేది, అది నేను తుడిచేదాన్ని. పొద్దున్న నాన్న మూసేవాడు. ఎవరికి ఎంత తెలుసో ముగ్గురికీ తెలుసనే అనుకుంటాను. పన్నెండో రోజు మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ లేదు. నాన్న మంచం పక్కన గచ్చు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ బుగ్గ మీద కిటికీ నీడ పడుతోంది.

వచ్చినవాళ్ళు వచ్చారు, జరగాల్సినవి జరిగాయి. మర్నాడు సాయంత్రం అందరూ వెళ్ళారు. నారుపిన్ని ఒక్కతే ఆగి, పెరట్లో రెండు మొక్కలూ విరగకాసి ఉండటం చూసి, "మట్టి బాగా తయారుచేశారు మేస్త్రీగారూ, ఇంకో పదేళ్ళు ఢోకా లేదు" అంది. ఏదో ఒకటి మంచిమాట అనాలని అంది పాపం. నాన్న తలూపాడు.

ఆవిడ వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళి, ముందురోజు అమ్మ కోసం కాచి మూతపెట్టిన జావ గిన్నె తీశాడు. పులిసిపోయి ఉంది. నేను పారబోస్తానంటే ఇవ్వలేదు. తాపీ తీసుకుని కిటికీ కిందకి వెళ్ళాడు, నేనూ వెనకే వెళ్ళాను. చిన్న గుంట తీసి, జావ అంతా అందులో పోసి, మట్టి కప్పి, తాపీతో నున్నగా తీర్చాడు. కిటికీ తలుపు తెరిచే ఉంది. లోపల మంచం ఎత్తేశారు.

నాన్న మోకాళ్ళ మీదే ఉండి, ఆ చదును చేసిన చోట అరచెయ్యి పెట్టాడు.

"రేపట్నుంచి దీనికేం పెడదామే?" అని అడిగాడు.